అర్జీలు చదివిన బ్రౌన్ దొర

బ్రౌన్ దొర పేరు వినగానే మనకు వేమన పద్యములును, 1852 నాటి తెలుగు నిఘంటువును స్ఫురించును. కావ్యములను కాపాడిన ఆ దొరయే సామాన్యుల జాబులను, కచేరీ కాగితములను సైతము అచ్చువేయించినాడన్న సంగతి అంతగా ప్రచారములోనికి రాలేదు.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించినాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతబోధకుడు. 1812లో ఆయన గతింపగా కుటుంబము ఇంగ్లండు చేరినది. కుమారుడు హెయిలీబరీ కళాశాలలో చదివి, 1817లో మద్రాసులో దిగినాడు. 1820లో కడపలో కొలువున కుదిరినాడు.

అక్కడ ఆయనకు రెండు తెలుగులు ఎదురైనవి. పండితులు మెచ్చునది కావ్యభాష; రైతు విన్నపములోనిది ఊరి మాట. దానిలో కౌలు, జమాబందీ, దస్తావేజు, ఫిర్యాదు వంటి పరభాషా పదములు పాలలో నీళ్లవలె కలిసిపోయినవి. అర్జీలోని మాట అధికారికి అర్థము కాకున్న, నడుమనున్న దుబాసీ చెప్పినదే వేదమగును. రైతు గోడు గాలికి పోవును.

మచిలీపట్టణము, రాజమహేంద్రవరము, గుంటూరు — ఎచ్చట పనిచేసినను బ్రౌన్ తాళపత్రముల వేట మానలేదు. కడపలో బంగళా కొని, జూలూరి అప్పయ్య మున్నగు పండితులకు సొంత సొమ్ముతో జీతములిచ్చి ప్రతులు వ్రాయించినాడు. 1834లో ఉద్యోగము పోయి లండను వెళ్లినను, అక్కడి కుంపిణీ గ్రంథాలయములో పడియున్న దక్షిణదేశపు వ్రాతప్రతులను వెలికితీసి మద్రాసునకు పంపించినాడు. తిరిగివచ్చిన పిమ్మట, మెకంజీ దొర సేకరింపజేసిన గ్రామ కైఫీయత్తులు శిథిలమగుచుండగా వానికి ప్రతులెత్తించినాడు.

ఆ దృష్టియే ఆయన ముద్రించిన పుస్తకములలో ఫలించినది. సొంత ఉత్తరములు, వ్యవహారపు జాబులు, పోలీసు, రెవిన్యూ కాగితములు కూర్చి ఒక వాచకమును, 1853లో అనంతపుర రాజుల యుద్ధముల చరిత్రను, 1854లో మిశ్రభాషా నిఘంటువును వెలువరించినాడు. వ్యాకరణమునకు లొంగదని ఎవరును వాడుక మాటను వెలివేయకుండ, దానికి అర్థము వ్రాసి ఆసనము వేసినాడు.

1854లో పదవి విడిచి స్వదేశమేగి, 1865లో లండను విశ్వవిద్యాలయ కళాశాలలో తెలుగు ఆచార్యుడైనాడు. 1884 డిసెంబరు 12వ తేదీన కన్నుమూసినాడు. కడపలో ఆయన నివసించిన చోట నేడు ఆయన పేరనే గ్రంథాలయము వెలసియున్నది.

బ్రౌన్ మన బోథ్ ప్రాంతమున కొలువు చేయలేదు. కాని నిజాము నాటి పహాణీలలో, సేత్వారులలో, తాతలు వ్రాసిన అప్పుపత్రములలో ఆ కలగలుపు నుడికారమే కనిపించును. అటకమీది పెట్టెలోని అట్టి కాగితము చెదలపాలు కాకముందే, దానిని విప్పి ఒకమారు చదువుట ఆ దొరకు మనము తీర్చగల ఋణము.