లూయీ బ్రెయిల్

ఫ్రాన్సు దేశమున కూప్‌వ్రే గ్రామములో, గుఱ్ఱపు జీనులు కుట్టు వృత్తిగల కుటుంబమున, లూయీ బ్రెయిల్ 1809లో జన్మించెను. మూడవయేట తండ్రి పనిముట్టు కంటికి గుచ్చుకొనగా, క్రమముగా రెండుకన్నుల చూపును పోయెను. 1819లో పారిసులోని అంధబాలుర పాఠశాలలో చేరెను. అచ్చటి గ్రంథములలోని ఉబ్బెత్తు అక్షరములను వ్రేళ్లతో తడవి చదువుట కష్టము. వ్రాయుట మరింత కష్టము. పదునైదవయేటనే బ్రెయిల్ ఆరుచుక్కల లిపిని కూర్చెను, 1829లో ప్రకటించెను. పిదప ఆ పాఠశాలలోనే అధ్యాపకుడై, చర్చిలలో ఆర్గన్ వాయించుచు, 1852లో దివంగతుడయ్యెను.

తెలియనితనమునకు గుడ్డితనమని పేరుపెట్టుట మన భాషలో పాతవాడుక. ఈయన జీవితము నెరిగినవారికి ఆ మాట నోటరాదు. లిపికర్త, అధ్యాపకుడు, వాద్యకుడు అని ముందు వ్రాసి, చూపులేమిని అవసరమైనచోట మాత్రమే చెప్పుట మర్యాద.

1951లో ఏర్పడిన భారతీ బ్రెయిల్‌లో మన తెలుగు అక్షరములును ఆ ఆరుచుక్కలలోనే ఇమిడినవి.