పేరుకు తగ్గ సేనాని: గుర్రం జాషువా

ఢిల్లీలో ఉద్యోగం చేసిన తెలుగు సైనికులెవరికైనా అశోకా రోడ్ కొత్త కాదు. ఒక చివర ఇండియా గేటు, ఆ పక్కనే మన ఆంధ్రా భవన్. రెండో చివర గోల్ డాక్‌ఖానా, అక్కడ సేక్రెడ్ హార్ట్ కెథడ్రల్. భోజనానికి, ఉగాది సభలకి ఒక చివరకి వెళ్తాం. క్రిస్మస్ రోజుల్లో దీపాలు చూడ్డానికి పిల్లల్ని తీసుకుని రెండో చివరకీ వెళ్తాం. తెలుగు పద్యాన్నీ, బైబిలు కథనీ ఒక్క చోట కూర్చిన మహాకవి గుర్రం జాషువా గారి జీవితాన్ని ఈ సంచికలో మన సభ్యులకి, ముఖ్యంగా ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలకి పరిచయం చెయ్యాలని ఈ చిన్న ప్రయత్నం.

ముందు ఆయన పేరు సంగతి చెప్పుకోవాలి. జాషువా అన్నది బైబిలు పాత నిబంధనలో కనిపించే ఒక సేనాని పేరు. తెలుగు బైబిలులో యెహోషువ అంటారు. మన ఫౌజీలకి ఈయన కథ బాగా నచ్చుతుంది. ఐగుప్తు దాస్యం నుంచి బయటపడ్డ ఇశ్రాయేలు జనానికి ఎడారిలో మొదటి యుద్ధం అమాలేకీయులతో వచ్చింది. అప్పుడు మోషే కొండ మీద నిలబడి చేతులెత్తి ప్రార్థిస్తుంటే, కింద మైదానంలో దళాన్ని నడిపించినవాడు యెహోషువ. ఆ తర్వాత కనాను దేశాన్ని చూసి రమ్మని మోషే 12 మందిని పంపాడు. మన భాషలో చెప్పాలంటే రెక్కీ పార్టీ. 40 రోజులు తిరిగి వచ్చి 10 మంది చేతులెత్తేశారు. ఆ ఊళ్లకి పెద్ద పెద్ద గోడలున్నాయి, మనుషులు రాక్షసుల్లా ఉన్నారు, వాళ్ల ముందు మనం మిడతలంత అని రిపోర్టు ఇచ్చారు. యెహోషువ, కాలేబు ఇద్దరు మాత్రం మనం గెలవగలం అన్నారు. జనం 10 మంది మాటే నమ్మారు, పైగా ఈ ఇద్దరినీ రాళ్లతో కొట్టబోయారు. దాని ఫలితం 40 ఏళ్లు ఎడారిలో తిరగడం. అంతకాలం ఓపిక పట్టి, చివరికి యొర్దాను నది దాటించి, యెరికో గోడ చుట్టూ జనాన్ని నడిపించింది ఆ యెహోషువే. ఆరు రోజులు రోజుకొక్కసారి, ఏడో రోజు ఏడుసార్లు తిరిగారట. గోడ కూలింది.

గిద్యోను కథా ఇలాంటిదే. 32,000 మందితో బయలుదేరితే, భయపడేవాళ్లు ఇంటికి పొమ్మనగానే 22,000 మంది వెళ్లిపోయారు. ఇంకో పరీక్ష పెడితే మిగిలింది 300 మంది. ఆ 300 మందే కుండలు, దివిటీలు, బూరలు పట్టుకుని రాత్రివేళ మిద్యానీయుల శిబిరాన్ని చెదరగొట్టారు. గొర్రెలు కాసుకునే దావీదు వడిసెలతో గొల్యాతుని పడగొట్టిన సంగతి అందరికీ తెలిసిందే. ఈ కథలన్నిటిలోనూ ఒకటే విషయం కనపడుతుంది. తక్కువ మంది ఉన్నారనీ, ఆయుధం చిన్నదనీ వాళ్లు వెనక్కి తగ్గలేదు. తాము నిలబడ్డ పక్షం న్యాయమైనదని నమ్మారు.

అలాంటి పేరు పెట్టుకున్న పిల్లవాడు 1895 సెప్టెంబరు 28న వినుకొండ ప్రాంతంలో పుట్టాడు. అప్పట్లో అది గుంటూరు సీమ, ఇప్పుడు పల్నాడు జిల్లా. పల్నాటి ఊళ్లలోకి బైబిలు పేర్లు ఎలా వచ్చాయి అంటే దానికీ ఒక చరిత్ర ఉంది. 1842లో హయ్యర్ అనే లూథరన్ మిషనరీ గుంటూరు చేరాడు. ఒంగోలు వైపు క్లౌ దొర పనిచేశాడు. 1876-78 నాటి పెద్ద కరువు తర్వాత వేలాది మంది పేదలు, ఎక్కువగా మాల మాదిగ పల్లెలవాళ్లు, క్రైస్తవంలోకి వచ్చారు. బడి, మందు, కాస్త గౌరవం దొరుకుతాయన్న ఆశ వాళ్లది. జాషువా తండ్రి వీరయ్య గారు యాదవ కులస్థుడు, తల్లి లింగమ్మ గారు మాదిగ కులస్థురాలు. ఈ పెళ్లి వల్ల ఆ ఇంటికి రెండు వైపులా చుట్టాలు దూరమయ్యారు. మతం మారినా ఊరు మారలేదు కదా! బడిలో, వీధిలో, బావి దగ్గర అంటరానితనం అలాగే ఉంది.

పిల్లవాడికి పద్యం మీద మక్కువ పుట్టింది. ఆ రోజుల్లో పద్యం, సంస్కృతం అంటే ఎవరి సొత్తో వేరే చెప్పక్కర్లేదు. అయినా పట్టు వదల్లేదు. వినుకొండలో దీపాల పిచ్చయ్యశాస్త్రి గారి స్నేహం ఆయనకి మంచి తోడయింది. కానీ సొంత ఊళ్లో జరిగిన ఒక అవధాన సభలో పద్యాలు చదివితే, అంటరానివాణ్ణి సభలోకి ఎవరు రానిచ్చారని కొందరు గొడవ చేశారు. మెచ్చుకోలు కోసం వెళ్లినవాడు అవమానంతో తిరిగొచ్చాడు. ఇటు క్రైస్తవ సమాజంలోనూ చిక్కే వచ్చింది. హిందూ పురాణాలు చదువుతాడు, దేవుళ్ల మీద కావ్యాలు రాస్తాడు, ఇతనేం క్రైస్తవుడు అని ఆక్షేపించినవాళ్లున్నారు. అంటే రెండు శిబిరాల నుంచీ ఒకేసారి కాల్పులన్నమాట! మధ్యలో ఒక్క మనిషి, చేతిలో కలం.

పొట్టకూటికి ఆయన చెయ్యని పని లేదు. 1910లో మేరీ గారితో పెళ్లయింది. మిషను బడిలో నెలకి 3 రూపాయల జీతం. అదీ పోయాక రాజమండ్రి వెళ్లి సినిమా వాచకుడిగా చేరాడు. అవి మాటల్లేని సినిమాల రోజులు. తెర మీద బొమ్మ ఆడుతుంటే పక్కన నిలబడి కథ, సంభాషణలు గట్టిగా చదివి వినిపించాలి. తర్వాత గుంటూరులో లూథరన్ల ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో సుమారు 10 ఏళ్లు పాఠాలు చెప్పారు. ఆపైన 1928 నుంచి 1942 దాకా తెలుగు పండితుడిగా పనిచేశారు. ఉభయ భాషా ప్రవీణ సంపాదించారు. ఏ భాషని ఆయనకి అందకుండా చెయ్యాలనుకున్నారో ఆ భాషలోనే పట్టా పుచ్చుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో యుద్ధ ప్రచారకుడిగా కూడా పనిచేశారు. మన సర్వీసెస్ వాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

ఈ కష్టాల మధ్యలోనే కావ్యాలు వచ్చాయి. 1932లో ఫిరదౌసి. షానామా రాసిన పారశీక కవికి గజనీ సుల్తాను బంగారు నాణేలిస్తానని చెప్పి వెండి నాణేలిచ్చిన కథ అది. మాట తప్పిన రాజు ముందు తల వంచని కవిని జాషువా గారు తెలుగువాళ్ల కళ్లకి కట్టారు. 1941లో గబ్బిలం. కాళిదాసు యక్షుడు మేఘంతో కబురు పంపితే, జాషువా కథానాయకుడైన దళితుడు గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి కబురు పంపుతాడు. ఎందుకు గబ్బిలం? ఎందుకంటే గుడిలోకి తనకి ప్రవేశం లేదు, ఆ చీకటి పక్షికి ఉంది. గర్భగుడిలో తలకిందులుగా వేలాడే గబ్బిలం శివుడి చెవిలో చెప్పగలదు, మనిషి చెప్పలేడు. ఇంతకంటే సూటిగా అంటరానితనాన్ని నిలదీసిన కావ్యం తెలుగులో మరొకటి కనపడదు. శ్మశానవాటి పద్యాలైతే హరిశ్చంద్ర నాటకంలో చేరి, ఆయన పేరు తెలియని పల్లెటూళ్లలో కూడా మోగిపోయాయి. 1947లో నేతాజీ, 1948లో బాపూజీ రాశారు. యుద్ధ ప్రచారకుడిగా పనిచేసిన ఆయనే ఆజాద్ హింద్ ఫౌజ్ నాయకుడి మీద కావ్యం రాయడం గమనించాలి.

క్రమంగా గోడ కదిలింది. తెలుగు పద్యానికి పెద్ద దిక్కయిన చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారు స్వయంగా జాషువా గారి కాలికి గండపెండేరం తొడిగారు. ఒకనాడు సభలోంచి గెంటెయ్యాలని చూసిన లోకం, ఈ దృశ్యం చూడాల్సి వచ్చింది. కవికోకిల, నవయుగ కవి చక్రవర్తి అన్న బిరుదులు వచ్చాయి. 1957-59 మధ్య మద్రాసు రేడియోలో పనిచేశారు.

ఆయన పెద్ద వయసులో రాసిన క్రీస్తు చరిత్రకి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆ అకాడమీ ఉన్న రవీంద్ర భవన్ మన ఆంధ్రా భవన్‌కి ఎంతో దూరం లేదు. ఇక్కడ ఒక విశేషం ఉంది. యేసు అన్న పేరు, యెహోషువ అన్న పేరు మూలంలో ఒకటే. గ్రీకు బైబిలులో ఇద్దరికీ ఒకే పేరు వాడారు. అంటే జాషువా గారు తన పేరింటివాడి కథే రాశారన్నమాట. పశువుల పాకలో పుట్టి, బెస్తలతో, కుష్ఠురోగులతో తిరిగి, చివరికి సిలువ మీద చనిపోయిన మనిషి కథని మన చంపకమాలల్లో, ఉత్పలమాలల్లో విన్నప్పుడు అది పాలస్తీనా కథలా అనిపించదు, మన పల్లె కథలాగే అనిపిస్తుంది.

జాషువా గారి విశ్వాసం ఎలాంటిదో తెలియాలంటే ఆయన ఇంటి సంగతి ఒకటి చూడాలి. కూతురు హేమలత గారిని, ప్రసిద్ధ నాస్తికుడు గోరా గారి కొడుకు లవణం గారికి ఇచ్చి పెళ్లి చేశారు. క్రీస్తు కథ రాసిన కవి నాస్తికుడితో వియ్యమందారు! కులం లేని ఇల్లు కావాలన్నదే ఆయన పట్టుదల. ఆ దంపతులు తర్వాత స్టూవర్టుపురంలో నేరస్థులని ముద్రపడ్డ కుటుంబాల బాగు కోసం, జోగిని దురాచారం పోవడం కోసం ఏళ్ల తరబడి పనిచేశారు.

1964లోనే జాషువా గారు రాష్ట్ర శాసనమండలి సభ్యులయ్యారు. 1970లో పద్మభూషణ్ వచ్చింది. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు. తొలి రచనల నాటి నుంచి అకాడమీ అవార్డు దాకా లెక్క వేస్తే 40 ఏళ్ల పైమాటే. ఆనాటి యెహోషువ ఎడారిలో తిరిగిన కాలం కూడా అంతే.

అయితే ఇద్దరి మధ్య ఒక పెద్ద తేడా ఉంది. యెరికో కథలో గోడతో పాటు ఊరు కూడా నాశనమైంది. రాహాబు కుటుంబం తప్ప ఎవరూ మిగల్లేదు. మన జాషువా గారు గోడ మీదే దెబ్బ వేశారు. గోడకి అవతల ఉన్నవాళ్ల భాషని, వాళ్ల ఛందస్సుని, వాళ్ల శివుణ్ణి, వాళ్ల కాళిదాసుని ప్రేమించారు. తనని అవమానించినవాళ్ల పిల్లలు కూడా తన పద్యాలు నోటికి నేర్చుకునేలా చేశారు. శత్రువుని చంపకుండా గెలవడం ఎంత కష్టమో యుద్ధం చూసినవాళ్లకి తెలుసు.

సైన్యంలో మనం ఒకే లంగర్‌లో తిన్నాం, ఒకే బ్యారక్‌లో పడుకున్నాం. పక్క బంకర్‌లో ఉన్నవాడి కులం అడిగే అవసరం మనకి రాలేదు. కానీ పెన్షన్ పుచ్చుకుని ఊరెళ్లాక ఎన్ని చోట్ల అదే అడుగుతున్నారో మనకి తెలియనిది కాదు. రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని 1950లోనే రద్దు చేసింది. గోడ ఇంకా కొన్ని ఊళ్లలో నిలబడే ఉంది. 10 మంది కాదన్నప్పుడు ఔననే ఆ ఇద్దరిలో మనం ఉండాలి. యూనిఫారం విప్పేసిన తర్వాత కూడా మనకి మిగిలిన డ్యూటీ అది. మన పిల్లలకి గబ్బిలంలోని నాలుగు పద్యాలైనా నేర్పిద్దాం. కలం పట్టిన ఆ సేనానికి మన సంఘం తరఫున ఇదే సెల్యూట్.