మహాకవి మిల్టన్ – ఆత్మనిద్ర

ఆత్మకు మరణం లేదని వింటూ పెరిగినవారం మనం. క్రైస్తవులందరూ అలాగే విశ్వసిస్తారని మీరు తలచవచ్చు. చాలావరకు అది నిజమే. అయితే దేహంతోపాటు ఆత్మ కూడా మరణిస్తుందనీ, భగవంతుడు తిరిగి లేపే అంత్యదినం దాకా అది నిద్రలోనే ఉంటుందనీ వాదించినవారు ఆ మతంలోనే ఉన్నారు. వారిలో ఒకరు ఆంగ్ల మహాకవి జాన్ మిల్టన్.

1608లో లండన్‌లో జన్మించిన మిల్టన్ గ్రీకు, లాటిన్, హీబ్రూ భాషలలో దిట్ట. 1644లో ఇంగ్లండు పార్లమెంటు దిగువసభ రెండు రకాల పుస్తకాల కర్తలను వెదకవలసిందని ఆదేశించింది. ఆత్మ నశిస్తుందన్నవి ఒక రకం, విడాకులను సమర్థించినవి మరొక రకం. విడాకుల పుస్తకం మిల్టన్‌దే. నాస్తికుడు కాని మనిషిని ఆ విధంగా అనుమానితుల గాటికి కట్టారు.

1652 నాటికి ఆయన పూర్తిగా అంధులయ్యారు. ఆ ఏడే మొదటి భార్య, కొద్ది వారాలకే పసికొడుకు గతించారు. 1656లో కేథరిన్‌ను వివాహమాడారు. 1658లో ఆమె, ఆ వెంటనే పసికూన కన్నుమూశారు. మరణించిన భార్య ముసుగుతో కలలోకి వచ్చి, తనను ఆలింగనం చేసుకోబోతుండగా మెలకువ వచ్చినట్లు ఆయన ఒక చిన్న కవిత వ్రాశారు. ఆమె కేథరినేనని పలువురు పండితుల అభిప్రాయం. స్వర్గంలో ఆమెను మళ్లీ కన్నులారా చూస్తాననే నమ్మకం కూడా అందులో ఉంది.

మరి ఎప్పుడు చూడటం? ఆయన లాటిన్‌లో కూర్చిన మతగ్రంథం ప్రకారం, పాపం చేసినది మనిషి మొత్తం గనుక మరణించేదీ మొత్తమే. అలాగైతే శతాబ్దాలు చీకటిలో వేచి ఉండాలా అని మీరు అడగవచ్చు. అక్కరలేదన్నారు మిల్టన్. చలనం లేనిచోట కాలం లేదు. గాఢనిద్రపోయినవాడికి రాత్రి నిడివి తెలియనట్లే, మృతునికి కన్ను మూయడం, దైవసన్నిధిలో కన్ను తెరవడం ఒక్క క్షణమే. భార్యాబిడ్డలను మట్టికి అప్పగించిన మనిషి మాట ఇది. కేవల తర్కమని నేననుకోను.

1674లో ఆయన మరణించాక ఆ వ్రాతప్రతిని ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చువేయించే ప్రయత్నం సాగలేదు. అది ప్రభుత్వ కాగితాలలో పడి, 1823లో బయటపడి, 1825లో అచ్చయింది. ఇది ఆయన రచనేనా అని 1991లో సందేహం లేచింది. ప్రతిని పరిశీలించిన పండితులు 2007లో ఆయనదేనని తేల్చారు. నిజానికి 1667లోనే, తన మహాకావ్యం ప్యారడైజ్ లాస్ట్‌లో, పాపం చేసి కుమిలిపోతున్న ఆదాము నోట ఆయన ఈ తర్కాన్నే పలికించారు.