క్రిస్టియన్ డాప్లర్

ఆత్మకూరునుండి ఉదయగిరికి పోవు బాటప్రక్క నిలిచి, ఎదురుగా వచ్చు బస్సు హారనును శ్రద్ధగా వింటిరా? బస్సు మనలను దాటగనే దాని శ్రుతి దిగిపోవును. డ్రైవరు హారను మార్చుట లేదు సుడీ! ఈ వింతకు కారణమును వివరించినవాడు డాప్లర్.

ఆయన 1803వ సంవత్సరము నవంబరు 29వ తేదీన, నేటి ఆస్ట్రియా దేశమందలి సాల్జ్‌బర్గ్ పట్టణమున జన్మించెను. వారిది రాతిపనివారి కుటుంబము. బాలుడు దుర్బలుడగుటచే కులవృత్తికి పనికిరాక చదువులో ప్రవేశించెను. చదువు ముగిసినను స్థిరమైన ఉద్యోగము దొరకలేదు. కొంతకాలము నూలుమిల్లులో లెక్కలు వ్రాసెను. విసిగి అమెరికాకు పోవ నిశ్చయించి, తన వస్తువుల నమ్ముకొనుచుండగా, 1835లో ప్రాగ్ నగరమున ఉపాధ్యాయపదవి లభించెను. ఆ వార్త కొంచెము ఆలస్యమైనచో ఏమయ్యెడిదో!

1842లో ఆయన జంటనక్షత్రముల రంగులనుగూర్చి ప్రసంగించెను. తరంగములను పుట్టించు వస్తువు మనవైపు వచ్చుచో అవి దగ్గరపడి తరంగసంఖ్య హెచ్చును, తొలగిపోవుచో తగ్గును. నక్షత్రముల రంగులకు ఆయన చెప్పిన కారణము సరికాదని తరువాత తేలినది. సూత్రము మాత్రము నిలిచినది. 1845లో హాలండు దేశమున బాకా ఊదువారిని రైలుబండిపై నెక్కించి, దారిప్రక్కన సంగీతజ్ఞులను నిలిపి దానిని పరీక్షించిరి.

1850లో ఆయన వియన్నా విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రసంస్థకు ప్రథమాధ్యక్షుడయ్యెను. అచటి గణితవేత్త పెట్జ్‌వాల్ ఆ సూత్రము నాక్షేపించెను. ఊపిరితిత్తుల వ్యాధి ముదిరి, 1853 మార్చి 17న డాప్లర్ వెనిస్ నగరమున మరణించెను. అప్పటికి ఏబదియేండ్లైనను నిండలేదు. ఆయన సమాధి సాన్ మికేలె ద్వీపమున నున్నది; చుట్టును నీరే.

నడిసముద్రమున ఓడనుండి జారిపడినవాని తల యొక్కటే అలలపై కనబడును. ఓడ మరలి వచ్చునప్పటికి గాలియు ప్రవాహమును వానిని ఎచ్చటికో కొనిపోవును. కావున నావికులు ధరించుటకు చిన్న రేడియోపరికరములు కలవు. దానిని పనిచేయించినచో 406 మెగాహెర్ట్‌జు తరంగములు ఆకసమునకు వెడలును. ఉపగ్రహము సమీపించునపుడు వాని సంఖ్య హెచ్చుగను, దాటినపిమ్మట తక్కువగను తోచును. బస్సు మన చెంతనే దాటినచో శ్రుతి తటాలున దిగును. దూరమున దాటినచో మెల్లగా దిగును. అట్లే ఆ మార్పు కలిగిన క్షణమునుబట్టియు, దాని వేగమునుబట్టియు నీటనున్నవాని చోటును గణింపవచ్చును. ఇప్పటి పరికరములు పెక్కు తమ చోటును తామే తెలుపగలవు. తెలుపలేనపుడు డాప్లర్ లెక్క తోడ్పడును.

ఈ ఉపగ్రహపద్ధతిచే మొట్టమొదట 1982లో, కెనడా దేశమున విమానము కూలి చిక్కుకొన్న ముగ్గురు రక్షింపబడిరి. మన దేశమున ఈ సంకేతముల నందుకొను కేంద్రములు బెంగుళూరులోను, లక్నోలోను నెలకొల్పబడినవి.