ఛాతీ తెరిచిన డాక్టర్ గ్రాహమ్

ఊపిరితిత్తికి కాన్సర్ వస్తే ఆపరేషన్ చేసి తీసెయ్యొచ్చు అన్నది ఈనాడు మనకు తెలిసిన సంగతే. 1933కి ముందు ఛాతీ తెరవడమంటేనే ప్రాణాలతో చెలగాటం. ఆ భయం పోగొట్టిన వారిలో ముఖ్యులు డాక్టర్ ఎవార్ట్స్ గ్రాహమ్.

ఆయన 1883లో అమెరికాలోని షికాగోలో ఒక సర్జన్ ఇంట పుట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో సైనికులు ఛాతీలో చీము పట్టి చనిపోతూ ఉండేవారు. జబ్బు ముదురుగా ఉన్నప్పుడే తొందరపడి ఛాతీకి కంత పెడితే గాలి లోపలికి చొరబడి ప్రాణం పోతోందని ఆయన పరిశోధించి చూపారు. 1919లో సెయింట్ లూయీలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో సర్జరీ ప్రొఫెసరయ్యారు.

1933 ఏప్రిల్ 5న, కాన్సర్ వచ్చిన 48 ఏళ్ళ వైద్యుడొకరికి ఊపిరితిత్తిలో కొంత భాగమే తీద్దామని ఛాతీ తెరిచారు. కణితి అంతకు మించి ఉంది. అక్కడికక్కడే ఆలోచించుకుని ఎడమ ఊపిరితిత్తి మొత్తం తీసేశారు. రోగి బతికి బట్టకట్టాడు. ఒకే ఆపరేషన్‌లో కాన్సర్ పట్టిన ఊపిరితిత్తిని పూర్తిగా తీయగా మనిషి కోలుకోవడం అదే మొదలు. అదే ఏడు బోస్టన్‌లో ఎడ్వర్డ్ చర్చిల్, మూత్రపిండం నుంచి ఊపిరితిత్తికి పాకిన కణితిని తీశారు. ఆ రోగి కూడా 20 ఏళ్ళు పైబడి బతికారు.

ఇంతటి గ్రాహమ్‌కి సిగరెట్ లేనిదే గడిచేది కాదు. ఎర్నెస్ట్ విండర్ అనే వైద్య విద్యార్థి పొగకీ ఈ కాన్సర్‌కీ సంబంధం వెతుకుతానంటే ఆయనకు నమ్మకం కుదరలేదు. అయినా వద్దనలేదు. 1950లో ఇద్దరూ కలిసి అచ్చు వేయించిన వ్యాసంలో, 605 మంది మగ రోగుల్లో 96.5 శాతం ఏళ్ళ తరబడి బాగా పొగ తాగినవాళ్ళేనని తేలింది. ఆ లెక్కకు తలవంచి ఆయన సిగరెట్ మానేశారు. కానీ అప్పటికే ఆలస్యమైంది. 1957 మార్చి 4న అదే కాన్సర్‌తో కన్నుమూశారు. ఆయన బతికించిన రోగి మాత్రం 1963 దాకా ఉన్నాడు.

మాది పొగాకు పండించే ఇల్లు. బ్యారన్‌లో ఆకు మంచి రంగు తిరిగితేనే నాకు కాలేజీ ఫీజు. ఈ కథ చెబితే మా నాన్న, పంట మార్చడం అంత తేలికా అన్నాడు. ఆ మాటా నిజమే. నమ్మింది వదులుకోవడం గ్రాహమ్‌కీ తేలిక కాలేదు. మిత్రులారా, హాస్టల్ గోడ వెనక అగ్గిపుల్ల గీసేముందు ఆ 605 మందిని ఒక్కసారి తలుచుకోండి.