జస్టిస్ కోకా సుబ్బారావు – ఒక్క బిట్టుకు సరిపోని జీవితం

గ్రూప్స్‌కు చదివే మన హాస్టల్ విద్యార్థులను ఎవరిని అడిగినా గోలక్‌నాథ్ కేసు 1967 అని ఠక్కున చెబుతారు. తీర్పు ఇచ్చిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు అని కూడా కొందరు చెబుతారు. ఒక మార్కు వస్తుంది, అక్కడితో సరి. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన మొదటి తెలుగువాడు ఆయనేనని, మనం దరఖాస్తు చేసే బ్యాక్‌లాగ్ పోస్టులకూ ఆయనకూ సంబంధం ఉందని మేము చదివిన ఏ గైడులోనూ కనపడలేదు. ఆ సంబంధం చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

సుబ్బారావు గారు 1902 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. అక్కడి ఆర్ట్స్ కాలేజీలోనూ, తర్వాత మద్రాసు లా కాలేజీలోనూ చదివారు. కొద్ది నెలలు బాపట్లలో జిల్లా మునసబుగా పనిచేసి, మద్రాసులో తన బావ పి.వి. రాజమన్నార్ గారితో కలిసి ప్రాక్టీసు చేశారు. 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1953 అక్టోబర్ 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. రాజధాని కర్నూలుకు వెళ్లగా, హైకోర్టు మన పొరుగున గుంటూరుకు వచ్చింది. 1954 జూలైలో మొదలైన ఆ హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు హైదరాబాదుకు మారారు. 1958 జనవరి 31న సుప్రీంకోర్టుకు వెళ్లారు.

అదే సంవత్సరం బశేశర్‌నాథ్ అనే ఆయన పన్ను కేసు వచ్చింది. పౌరుడు తన ప్రాథమిక హక్కును తానే వదులుకోవచ్చా అన్నది ప్రశ్న. కుదరదని సుబ్బారావు గారు రాశారు. మన దేశంలో ఎక్కువమంది పేదవారు, చదువు లేనివారు, తమ హక్కులేమిటో ఇంకా తెలియనివారు. అలాంటివారి చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని హక్కు పోయిందనడానికి వీల్లేదన్నది ఆయన వాదన సారాంశం. వేలిముద్ర వేసి పొలం పోగొట్టుకున్న తాతల మనవలం కనుక ఈ మాట విలువ మనకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇక అసలు సంగతి 1963 నాటి దేవదాసన్ కేసు. అప్పట్లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో ఎస్సీలకు పన్నెండున్నర శాతం, ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ ఉండేది. ఒక ఏడాది అభ్యర్థులు దొరక్కపోతే మిగిలిన పోస్టులను తర్వాతి రెండేళ్లకు కలిపే నిబంధన ఉంది. ఆ ప్రకారం ఒక ఏడాది 45 పోస్టుల్లో 29 పోస్టులు మనవారికి వచ్చాయి. ఇది సమానత్వానికి విరుద్ధమని కేసు వేశారు. అయిదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు ఆ నిబంధనను కొట్టేశారు. సుబ్బారావు గారు ఒక్కరే ఒప్పుకోలేదు.

ఆయన చెప్పిన పోలిక చాలా సులువైనది. మేలుజాతి పందెపు గుర్రాన్నీ, మామూలు గుర్రాన్నీ ఒకే గీత దగ్గర నిలబెట్టి పరుగెత్తమంటే అది సమానత్వం కాదు, సమానత్వం పేరుతో జరిగే అన్యాయం. 16(4) అధికరణం సమానత్వానికి మినహాయింపు కాదు, సమానత్వాన్ని నిజం చేసే దారి అని ఆయన తేల్చారు. ఆ రోజు అది ఓడిపోయిన అభిప్రాయం. కాని 1975లో థామస్ కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ ఆ దారికే వచ్చింది. 1992లో మండల్ కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం కూడా 16(4) మినహాయింపు కాదని ఒప్పుకుంది. 2000లో 81వ సవరణతో మిగిలిపోయిన పోస్టులను విడిగా లెక్కించి భర్తీ చేసే వీలు రాజ్యాంగంలోకే వచ్చింది. బ్యాక్‌లాగ్ నోటిఫికేషన్ చూసినప్పుడు ఒంటరిగా నిలిచిన ఆ ఒక్క తీర్పును గుర్తుచేసుకోవడం మన ధర్మం.

1966 జూన్ 30న ఆయన భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ తీర్పు వచ్చింది. పదకొండు మందిలో ఆరుగురు ఒకవైపు, అయిదుగురు ఒకవైపు. ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదన్నది తీర్పు. ఇక్కడ మన మిత్రులు ఒక ప్రశ్న అడుగుతారు. ఆ కేసు వేసింది పంజాబులో అయిదువందల ఎకరాలకు పైగా ఉన్న కుటుంబం కదా, భూస్వాముల పక్షం వహించిన జడ్జి మనకు ఎలా ఆదర్శం అని. ప్రశ్న న్యాయమైనదే. ఆస్తి హక్కును కూడా ఆయన మిగతా హక్కులతో సమానంగా కాపాడబోయారు. అది భూసంస్కరణలకు అడ్డమన్న విమర్శ అప్పుడే వచ్చింది. అయితే తీర్పు ఇకముందుకే వర్తిస్తుందని ఆయన జాగ్రత్త పడ్డారు. అంతవరకు జరిగిన సవరణలూ, వాటి నీడలో ఉన్న భూచట్టాలూ నిలిచాయి. ఆ కుటుంబానికి భూమి తిరిగి రాలేదు. 1973లో కేశవానంద భారతి కేసు గోలక్‌నాథ్ తీర్పును పక్కనపెట్టింది, కాని రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని ఎవరూ మార్చలేరని అంది. అంటే ఆయన వేసిన ప్రశ్న ఓడిపోలేదు.

పదవీ విరమణకు ఇంకా మూడు నెలలు ఉండగానే 1967 ఏప్రిల్ 11న రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీచేశారు. జాకీర్ హుస్సేన్ గారి చేతిలో ఓడిపోయారు. ప్రధాన న్యాయమూర్తి కుర్చీ నుంచి నేరుగా ఎన్నికలకు వెళ్లడం తగదని చాలామంది అన్నారు. మా అభిప్రాయం కూడా అదే. న్యాయమూర్తుల విరమణ తర్వాతి పదవుల మీద ఈనాటికీ చర్చ జరుగుతూనే ఉంది. మహానుభావుల పనులన్నీ ఒప్పుకోవాలని ఏమీ లేదు. ఆయన 1976 మే 6న, ఎమర్జెన్సీ కాలంలో కన్నుమూశారు. అంతకు ఎనిమిది రోజుల ముందే, అక్రమంగా నిర్బంధించినా కోర్టుకు వెళ్లే హక్కు ఎమర్జెన్సీలో లేదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పౌరుడి హక్కులను కోర్టు వదిలేస్తే ఏమవుతుందో దేశానికి అప్పుడు తెలిసింది. 1962లో ఖరక్‌సింగ్ కేసులో పౌరుడి ఏకాంతం గురించి సుబ్బారావు గారు రాసిన భిన్నాభిప్రాయమే సరైనదని 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒప్పుకున్నారు.

సుప్రీంకోర్టును సంస్కరించాలని నేడు అన్ని పక్షాలూ అంటున్నాయి. జడ్జీలను ఎవరు నియమించాలన్న దానిపై 2014లో చట్టం తెచ్చారు, 2015లో కోర్టు కొట్టేసింది. నియామకం పూర్తిగా ప్రభుత్వం చేతిలోనూ, పూర్తిగా ప్రధాన న్యాయమూర్తి చేతిలోనూ ఉండకూడదని అంబేద్కర్ గారు 1949లోనే రాజ్యాంగసభలో హెచ్చరించారు. మేము ఇంకో ప్రశ్న కూడా కలుపుతాం. ఆ బెంచీ మీద కూర్చునేది ఎవరు? 1950లో మొదలైన సుప్రీంకోర్టులో మొదటి దళిత న్యాయమూర్తి వరదరాజన్ గారు 1980లో వచ్చారు. దళితుడు ప్రధాన న్యాయమూర్తి కావడానికి 2007లో బాలకృష్ణన్ గారి దాకా ఆగాల్సి వచ్చింది. కులం, మతం కాదు, పౌరసత్వమే దేశాన్ని కలిపి ఉంచుతుందని నమ్మేవారికి ఈ లెక్క చిన్నది కాదు. అందరి దేశమైతే అందరి కోర్టు కావాలి.

తమ్ముళ్లారా, మైలవరం నుంచి ఢిల్లీ దూరమే. కాని మన పక్క నందిగామ ప్రాంతపు పొన్నవరంలో పుట్టిన ఎన్.వి. రమణ గారు 2021లో ఆ కుర్చీ ఎక్కారు. మీలో లా సెట్ రాసేవారు రాయండి. ఏదో ఒక రోజు ఏదో ఒక బెంచీలో మీరు ఒక్కరే మిగిలినా, అనుకున్నది రాసి సంతకం పెట్టండి. మీ తర్వాత ఈ హాస్టల్లో చదివే పిల్లలకు అది పనికొస్తుంది.