అచ్చమ్మగారి పశువుల కాపరి

హ్యుమానిటీస్ ఎలెక్టివ్‌లో హెజిమొనీ అనే మాట వచ్చిన రోజు సగం క్లాసు నిద్రలో ఉంది. నాకు మాత్రం బ్రహ్మంగారు గుర్తొచ్చారు. మాది దువ్వూరు. మైదుకూరు మీదుగా పోతే మఠం ఎంతో దూరం లేదు.

ముస్సోలినీ జైల్లో పెట్టిన గ్రాంసీని తొలిచిన ప్రశ్న ఒకటే. కొద్దిమంది పెత్తనాన్ని అంతమంది ఎందుకు ఒప్పుకుంటారు? కర్రకు భయపడి మాత్రమే కాదు, అదే న్యాయమని నమ్మి కూడా. ఆ నమ్మకాన్నే 17వ శతాబ్దంలో మన సీమలో పోతులూరి వీరబ్రహ్మం కదిలించాడు.

విశ్వబ్రాహ్మణుల బిడ్డ. పాపాగ్ని మఠంలో పెరిగి, దేశం తిరిగి, బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాసే పనికి కుదిరాడు. రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాసుకుంటూ ఉంటే, ఆయన గీసిన గీత దాటకుండా ఆవులు మేసేవంటారు. గీత సంగతి ఎట్లున్నా, సంగతి తెలిశాక ఆ రెడ్డిసాని తన జీతగాడినే గురువుగా మొక్కింది. నాకు అన్ని మహిమల కంటే ఇదే పెద్దదనిపిస్తుంది.

తర్వాత కందిమల్లాయపల్లె చేరి వడ్రంగం చేసుకుంటూ, గోవిందమ్మను పెళ్లాడి, అక్కడే స్థిరపడ్డాడు. ముడుమాల నుంచి దూదేకుల సిద్ధయ్య వచ్చి శిష్యుడయ్యాడు. తురకపిల్లోడు హిందువుల మఠంలో ఏంటని ఇంట్లోవాళ్లు గోల చేశారు, ఫిర్యాదు కడప నవాబు దాకా పోయింది. అక్కడ సిద్ధయ్య సలాం చేస్తే బండరాయి పగిలిందని కథ. మాదిగ కక్కయ్య కూడా ఆయన శిష్యుడే. అటు అగ్రహారానికీ ఇటు దర్బారుకూ ఒకేసారి మింగుడుపడని మనిషి అన్నమాట.

ఇప్పుడేమో ఎక్కడ వరదొచ్చినా, కొత్త రోగమొచ్చినా బ్రహ్మంగారు ముందే చెప్పారని వాట్సాప్‌లో ఫార్వర్డ్. 1984లో ఎన్టీఆర్ సినిమా తీసి, బాలకృష్ణను సిద్ధయ్యగా చూపించాడు గాబట్టి ఆ పేరన్నా మనకు తెలుసు. కులం మీద ఆయన మాటల్ని ఫార్వర్డ్ చేసినోళ్లను నేనైతే చూడలేదు. ఎదురు తిరిగినోడికి గుడి కట్టి, జోస్యుడిగా మార్చేసుకోవడం కూడా హెజిమొనీ పనే కదా!

మఠం లెక్క ప్రకారం 1693లో, వైశాఖ శుద్ధ దశమినాడు, ఆయన సజీవ సమాధిలోకి వెళ్లారు. ఆ పొద్దు సిద్ధయ్యను పూల కోసం బనగానపల్లెకు పంపించేశారంట. తిరిగొచ్చేసరికి సమాధి మూసేశారు. ఏడ్చి మొత్తుకుంటే గురువు మళ్లీ కనిపించి బెత్తం, పాదుకలు, శిఖాముద్రిక ఇచ్చారని చెప్తారు. మఠం పీఠం మాత్రం వంశానికే దక్కింది. సిద్ధయ్య ఆ పాదుకలు పట్టుకుని ముడుమాలకు వెళ్లిపోయాడు.